ఏడు నిమిషముల దూరము

1815 ఏప్రిలు 4వ తేదీన సింహళ దేశములోని గాల్ రేవునుండి ఓడల గుంపొకటి ఇంగ్లండునకు బయలుదేరెను. ఈస్టిండియా కంపెనీవారి ఓడలు ఆరు. వానికి కావలిగా ఆఫ్రికెయిన్, విక్టర్ అను రెండు యుద్ధనౌకలు. ఈ గుంపుతోబాటు ఆర్నిస్టన్ అను ఓడయు సాగినది. కాండీ రాజ్యము ఆంగ్లేయుల వశమై అప్పటికి రెండు నెలలు కూడ నిండలేదు. సింహళ యుద్ధములలో గాయపడినవారు, అచటి జ్వరములకు చిక్కి శల్యమైనవారు, కాలపరిమితి తీరి ఇంటిదారి పట్టినవారు ఈ ఓడ నెక్కిరి. వారితో స్త్రీలు, పసిపిల్లలు, కొలువు ముగించుకొని స్వదేశమునకు మరలుచున్న ఒక ప్రభువు, ఆయన భార్య. నావికులతో కలిపి మొత్తము 378 మంది.

ఆర్నిస్టన్ పనికిమాలిన ఓడ కాదు. 1794లో థేమ్సు నదీతీరమున నిర్మింపబడి, చాలకాలము కంపెనీ కొలువులో తూర్పు దేశములకు వచ్చి పోవుచుండినది. పిమ్మట సైన్యమును చేరవేయుటకు బాడుగకు కుదిరినది. చుక్కాని, దిక్సూచి, లంగరులు, పటములు, తెరచాపలు అన్నియు నున్నవి. లేనిది ఒక్కటే. అది అరచేతికి కొంచెము మించిన పరిమాణముగల గడియారము.

సముద్రముమీద గడియారమునకు ఇంత విలువ యెందుకో తెలియవలెనన్న, భూగోళ పాఠములోని అక్షాంశ రేఖాంశములను ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తరగతిలో పటముమీద ఆ గీతలను చూచు బాలునికి, అవి రెండును ఒకే జాతివనియు, ఒకదానిని కనుగొనుట యెంత సులభమో రెండవదానిని కనుగొనుటయు నంత సులభమనియు తోచును. నావికునకు అట్లు కాదు. అక్షాంశమును ఆకాశమే చెప్పును. ఉత్తరార్ధగోళములో ధ్రువనక్షత్రము దిగంతమునకు ఎంత ఎత్తున నున్నదో కొలిచినచో సుమారుగా అదియే అక్షాంశము. మధ్యాహ్నవేళ సూర్యుని ఎత్తును కొలిచినను తేలును. తూర్పు పడమరల సంగతి వేరు. భూమి తిరుగుచునే యుండును గనుక, ఆకాశములో ఈ గడియ మన నెత్తిమీదనున్న నక్షత్రమే మరికొంతసేపటికి పడమటనున్న మరియొకని నెత్తిమీదికి వచ్చును. కావున రేఖాంశము స్థలమునకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినను, నిజమునకు కాలమునకు సంబంధించిన ప్రశ్న.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. గంటకు 15 డిగ్రీలు. 4 నిమిషములకు ఒక డిగ్రీ. ఓడమీద సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణమున గ్రీనిచ్ పట్టణములో గంట యెంతయైనదో తెలిసినచో, ఆ రెండు కాలముల వ్యత్యాసమే రేఖాంశము. లెక్క ఐదవ తరగతి పిల్లవాడు చేయగలిగినది. చిక్కల్లా గ్రీనిచ్‌లో గంట యెంతయో నడిసముద్రములో తెలిసికొనుటలోనే యున్నది. ఓడ యూగిసలాటకు లోలకపు గడియారములు నిలువవు. ఎండకు, చలికి లోహము సాగి ముడుచుకొని, గడియారము ఒకనాడు ముందుకును ఒకనాడు వెనుకకును పోవును. రోజుకు ఒక్క నిమిషము తప్పినను, నెల తిరుగునప్పటికి ఓడ తన స్థానమును ఏడున్నర డిగ్రీలు తప్పుగా భావించును. 

ఈ గడియారము లేనివారు ఉజ్జాయింపు లెక్కతో నడుచుకొనిరి. ముడులు వేసిన త్రాటి కొనకు కొయ్యపలక కట్టి ఓడ వెనుక నీటిలో విడుతురు. చిన్న ఇసుక గడియారము ఖాళీయగులోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారిపోయెనో లెక్కింతురు. అదియే ఓడ వేగము. నేటికిని ఓడల వేగమును 'నాట్'లలో, అనగా ముడులలో, చెప్పుట ఆ త్రాటి జ్ఞాపకమే. ఈ వేగమును, దిక్సూచి చూపిన దిక్కును, గడచిన కాలమును కలిపి, నిన్నటి స్థానమునకు కూడి, నేటి స్థానము నిర్ణయింతురు. ఓడ క్రింద సముద్రజలమే ఒక నదివలె ప్రవహించుచున్నచో ఈ త్రాడు దానిని చెప్పజాలదు. పలకయు, ఓడయు, రెండును ఆ ప్రవాహములోనే కొట్టుకొనిపోవుచుండును గదా!

1707లో సిలీ దీవుల రాళ్ళకు తగిలి నాలుగు ఆంగ్ల యుద్ధనౌకలు వేయిమందికి పైగా జనముతో మునిగిన పిమ్మట, 1714లో బ్రిటిషు పార్లమెంటు రేఖాంశమును అర డిగ్రీలోపల తేల్చువారికి 20,000 పౌనుల బహుమానము ప్రకటించినది. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు చంద్రునికిని నక్షత్రములకును నడుమ దూరమును కొలిచి కాలము తెలిసికొను పద్ధతిని పెంపొందించిరి. అది సాధ్యమే గాని, గంటల తరబడి గణితమును, నిర్మలమైన ఆకాశమును కోరును. జాన్ హారిసన్ అను వడ్రంగి కొడుకు మాత్రము తన జీవితమంతయు గడియారములపైననే గడపెను. ఆయన నాలుగవ యంత్రము 1761లో జమైకాకు పయనమై, 81 దినముల యానములో కేవలము 5 సెకనుల తేడా చూపినది. అటుపిమ్మట జాన్ ఆర్నాల్డు, థామస్ ఎర్న్‌షా అను పనివారు దాని నిర్మాణమును సులభము చేసి వెల తగ్గించిరి. దీనికే క్రోనోమీటరని పేరు.

తగ్గిన వెల యెంత? ఆర్నిస్టన్ నాటికి 60 మొదలు 100 గినీలు. ఓడ వెలతో పోల్చిన స్వల్పము. కప్తాను జీతముతో పోల్చిన అధికము. కప్తాను జార్జి సింప్సనుకు సొంతముగా కొనుక్కొను శక్తి లేకపోయెను. కొనిపెట్టుడని ఓడ యజమానుల నడిగెననియు, వారు సమ్మతింపక, గడియారము లేనిదే కదలనన్నచో మరియొక కప్తానును చూచుకొందుమని చెప్పిరనియు ఆ ప్రమాదమును గూర్చిన కథనములు తెలుపుచున్నవి. సింప్సను చేసినది సాహసమా, తప్పా, లేక పొట్టకూటికి తలవంచుటయా యని తీర్పు చెప్పుట ఒడ్డుననున్నవారికి సులభము. ఆయన మానుకొన్నచో ఆ స్థానమున మరియొకడు గడియారము లేకయే బయలుదేరి యుండును. తప్పులో పెద్దపాలు ఎవరిదో పాఠకులే గ్రహింతురు.

అదిగాక, ఆ ప్రయాణము మొదట అంత ప్రమాదముగాను తోచలేదు. గుంపులోని ఇతర నౌకలలో గడియారములున్నవి. వానిని కనిపెట్టుకొనియున్నంతకాలము ఆర్నిస్టన్ తన స్థానమును ఎరువు తెచ్చుకొనగలదు. హిందూ మహాసముద్రమును దాటువరకు అట్లే జరిగినది. ఎరువుసొమ్ము చిక్కు ఎప్పుడును చివరనే గదా బయటపడునది!

మే నెల చివరి భాగము ఆఫ్రికా దక్షిణాగ్రమున శీతకాలపు ప్రవేశము. పడమటి గాలులు గట్టిగా వీచు కాలము. అచట తూర్పు తీరము వెంబడి దిగివచ్చు వెచ్చని అగుల్హాస్ ప్రవాహము ఖండపు కొనను దాటగనే వెనుకకు మళ్ళి తూర్పుదిశగా తిరిగిపోవును. గాలి ఒక వైపు, నీరు మరియొక వైపు లాగు చోట అలలు నిట్టనిలువున లేచును. మే 26వ తేదీ గాలివానలో తెరచాపలు చినిగి ఆర్నిస్టన్ గుంపునుండి వెనుకబడినది. మరునాటికి చుట్టును సముద్రమే గాని ఒక్క తెరచాపయైన కనుచూపుమేరలో లేదు. ఎరువిచ్చువారు పోయిరి.

29వ తేదీన ఉత్తరముగా బహుదూరమున కొండ లీలగా కనిపించినది. సింప్సను తన లెక్క చూచుకొనెను. ఇన్ని దినములు పడమటికి పోరాడుచు వచ్చితిమి గనుక ఇది కేప్‌టౌను సమీపమున నున్న కొండయే యని నిశ్చయించెను. నిజమునకు ఆ నేల అగుల్హాసు అగ్రము; ఆయన యనుకొన్న చోటికి తూర్పుగా సుమారు 100 మైళ్ళు. అక్షాంశమును బట్టి ఈ రెంటిని వేరుపరచుట కష్టము. గుడ్‌హోపు అగ్రమునకును అగుల్హాసునకును ఉత్తర దక్షిణములుగా అర డిగ్రీయే తేడా. దూరమునుండి కనిపించు కొండ ఎంత దూరముననున్నదో తెలియనప్పుడు ఆ అర డిగ్రీ లెక్కలోనికి రాదు. వేరుపరచగలిగినది రేఖాంశమొక్కటే.

ఆ రాత్రి తెల్లవారుజామున నాలుగున్నర వరకు పడమటికి సాగి, ఇక ఖండపు కొనను దాటితిమని తలచి, సెయింటు హెలీనా ద్వీపమునకు దారి యని ఓడను ఉత్తరమునకు త్రిప్పిరి. వారు దాటితిమనుకొన్న కేప్ పాయింటు గ్రీనిచ్‌కు తూర్పుగా 18న్నర డిగ్రీలు. ఓడ చేరబోవుచుండిన తీరము 20 డిగ్రీలకు పైచిలుకు. నడుమనున్నది డిగ్రీయు ముప్పాతికయు. కాలములో చెప్పవలెనన్న ఏడు నిమిషములు. ఓడమీద మధ్యాహ్నము పండ్రెండైనప్పుడు, సూర్యగతిలోని చిన్న తేడాలు సవరించుకొన్న పిమ్మట, గ్రీనిచ్ గడియారము 10 గంటల 46 నిమిషములు చూపినచో కేప్ పాయింటు. 10 గంటల 39 నిమిషములు చూపినచో ఈ తీరము. మబ్బు విచ్చి సూర్యుడొక్కమారు కనిపించినచో చాలును, గడియారమున్న ఓడ ఆ దిక్కునకు తిరిగియుండదు.

30వ తేదీ ఉదయము ముందుభాగమున తెల్లని నురుగు కనిపించినది. నీటి క్రింది రాళ్ళమీద అలలు విరుగుచున్నవి. గాలి సముద్రమునుండి ఒడ్డునకు గట్టిగా వీచుచున్నది. తెరచాప ఓడకు ఇంతకుమించిన దుర్దశ లేదు. ఇరుప్రక్కల నేల చొచ్చుకొని వచ్చిన ఆ అఖాతమునుండి బయటికి పోవుటకు ఎంత ప్రయత్నించినను, త్రిప్పిన ప్రతిమారును ఓడ ఒడ్డువైపే జరిగినది. తుదకు మూడు లంగరులు దింపిరి. మధ్యాహ్నము గడచునప్పటికి రెండింటి మోకులు తెగిపోయెను. మూడవది తెగుట నిమిషముల మాట. ఓడలోనున్న బ్రైస్ అను సేనాధికారి, ఆ మోకు తెగి ఓడ చీకటిలో ఎచటనో రాళ్ళకు కొట్టుకొనుటకంటె, వెలుతురుండగనే తామే మోకు కోసి ఓడను ఒడ్డుమీదికి తోలుట మేలనియు, కొందరైన బ్రదుకుదురనియు సలహా చెప్పెను. కప్తాను అంగీకరించెను.

సలహా మంచిదే. ఒడ్డు మాత్రము అందలేదు. తీరమునకు సుమారు అర మైలు దూరమున ఓడ అడుగు తగిలి నిలిచిపోయెను. అటుపిమ్మట అలలు దానిని ముక్కలు చేయసాగెను. చిన్న పడవలు నీటిలో దింపుటకు వీలుపడలేదు, చీకటి పడినది. తెల్లవారునప్పటికి, కొయ్యముక్కలు పట్టుకొని ఒడ్డు చేరినవారిలో ప్రాణములతో మిగిలినవారు ఆరుగురే. అందరును నావికులు. కాండీ యుద్ధములో బ్రదికి బయటపడిన సైనికులలో ఒక్కడును లేడు. స్త్రీలలో, పిల్లలలో ఒక్కరును లేరు. 372 మంది పోయిరి.

ఆ ఆరుగురి కథ విన్నచో, గడియారము లేమి వలన కలిగిన భ్రాంతి ఓడతో మునిగిపోలేదని తెలియును. తాము కేప్‌టౌనుకు పడమటగా పడితిమని వారు ఒడ్డుననుండియు నమ్మిరి. కావున ఊరు చేరుటకు తూర్పుదిక్కుగా నడచిరి. నాలుగు దినములకు పైగా ఇసుకదిబ్బలమీద నడచిన పిమ్మట దారి తప్పితిమని తెలిసి, తిరిగి ఓడ శకలములున్న చోటికే వచ్చిరి. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓటుధాన్యపు పిండి పీపా ఒకటి వారికి ఆహారమైనది. చేతనైనన్ని శవములను ఇసుకలో పూడ్చిరి. కొట్టుకొనివచ్చిన పడవ నొకదానిని బాగుచేయ ప్రయత్నించుచుండిరి. జూను 14వ తేదీన, వేటకు వచ్చిన ఒక డచ్చి రైతు కుమారుడు వారిని చూచెను. ఆ కుటుంబము వారిని ఒక వారము తమ యింట నుంచుకొని, సేదతీర్చి, కేప్‌టౌనుకు పంపినది.

మునిగినవారిలో గైల్స్ అను సేనాధికారి కుమారులు నలుగురున్నారు. తల్లిదండ్రులు సింహళమున నుండి పిల్లలను ముందుగా స్వదేశమునకు పంపుచుండిరి. వారి పేర్లతో ఆ తీరమున తల్లి ఒక శిల నిలిపినది. 372 మందిలో రాతిమీద పేరు దక్కినవారు వారివంటి కొలదిమందియే. సామాన్య సైనికుల పేర్లు పట్టీలలో నుండిపోయెను.

ఇది ఆ కాలమున ఒంటరి సంఘటన కాదు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాతికేండ్లలో సముద్రము ఓడలను పొట్టనపెట్టుకొనని యేడు లేదు. మన తీరమునకు దగ్గరగానున్న కథ బ్లెన్‌హైమ్ యుద్ధనౌకది. నెల్సను సహచరుడైన ట్రౌబ్రిడ్జి నౌకాధిపతి 1807 జనవరిలో మద్రాసునుండి దానిమీద బయలుదేరెను. అంతకుముందే మలక్కా జలసంధిలో నేల తగిలి దాని అడుగు దెబ్బతినియుండెను; మద్రాసు చేరువరకు నీరు తోడుటయే నావికులకు పనియైనది. ఈ స్థితిలో సముద్రము దాటరాదని ఓడ కప్తాను విన్నవించినను ట్రౌబ్రిడ్జి వినలేదు. వెంట జావా అను మరియొక నౌకయు పోయెను. ఫిబ్రవరి 1వ తేదీన రోడ్రిగ్స్ ద్వీప ప్రాంతమున గాలివానలో చిక్కుకొనియుండగా చూచినవారున్నారు. అటుపిమ్మట చూచినవారు లేరు. 1808లో మూడు, 1809లో నాలుగు కంపెనీ ఓడలు ఇంగ్లండునకు మరలుచు ఆ సముద్రములోనే ఆనవాలు లేకుండ పోయెను. గడియారములున్న ఓడలకును తుపాను తుపానే. ఆర్నిస్టన్ విషయమున బాధ కలిగించునది వేరు. దానిని ముంచినది తుపాను మాత్రమే కాదు.

మరుసటి యేడు, 1816 జూలై 2వ తేదీన, ఫ్రెంచివారి మెడూసా నౌక ఆఫ్రికా పడమటి తీరమున ఆర్గిన్ ఇసుకమేటలమీద ఎక్కెను. అచటను అదే రోగము: తామెచట నున్నారో నాయకులకు తెలియదు. ఎన్నో యేండ్లుగా ఓడ నడుపని ప్రభువంశీయుని రాజు దయతో కప్తానును చేసిరి. తెప్పమీద విడువబడిన 147 మందిలో పదమూడు దినముల పిమ్మట మిగిలినవారు 15 మంది. ఆ తెప్పను జెరికో అను యువచిత్రకారుడు 1819లో ఇరువదిమూడడుగులకు పైగా వెడల్పుగల పటముగా చిత్రించెను. పారిసు నగరములోని లూవ్ర్ చిత్రశాలలో నేటికిని కలదు. ఆర్నిస్టనుకు అట్టి చిత్రకారుడు దొరకలేదు.

రేఖాంశ నిర్ణయమునకై శ్రమించినవారిలో తెలుగుతీరముతో సంబంధమున్నవాడును ఒకడు గలడు. మైకేల్ టాపింగ్ అను కంపెనీ కొలతల అధికారి మచిలీపట్టణము, కోరంగి ప్రాంతముల తీరమును కొలిచెను. తీరపు పటములు సరిపడవలెనన్న, పోల్చుకొనుటకు ఒక స్థిరమైన స్థానము కావలెనని వాదించి, మద్రాసులో వేధశాలను కట్టించెను. 1792 నాటి ఆ వేధశాల రాతి స్తంభముమీద లాటిను, తమిళ భాషలతోబాటు తెలుగులోను శాసనము చెక్కబడినది. టాపింగ్ 1796లో మచిలీపట్టణమున జ్వరముతో మరణించెను. జేమ్సు హార్స్‌బర్గ్ అను నావికుడు తప్పుపటము నమ్మి 1786లో డియోగో గార్షియా ద్వీపమున ఓడ పగులగొట్టుకొని, ఆ కసితో తూర్పు సముద్రముల నన్నిటిని పరిశీలించి, నావికులకు మార్గదర్శి గ్రంథము వ్రాసెను. దాని ముద్రణ 1811 నాటికి ముగిసినది. ఆర్నిస్టన్ బయలుదేరునప్పటికి అంగట దొరకు పుస్తకమే. కాని పుస్తకము ఏ రాయి యెచట నున్నదో చెప్పునుగాని, ఓడ యెచట నున్నదో చెప్పదు.

1825 నాటికి బ్రిటిషు నౌకాదళము తన నౌకలకు క్రోనోమీటరులను ప్రభుత్వ వ్యయముననే సమకూర్చ మొదలిడెను. 1831లో డార్విను ఎక్కిన బీగిల్ నౌకలో ఒకటి కాదు, 22 గడియారములుండెను. 1833 నుండి గ్రీనిచ్ వేధశాల కప్పుమీద ప్రతిదినము మధ్యాహ్నము ఒంటిగంటకు పెద్ద గోళమొకటి స్తంభమునుండి జారవిడువబడుచుండెను. థేమ్సు నదిలోని ఓడలు దానిని చూచి గడియారములు సరిచూచుకొనెడివి. అగుల్హాసు అగ్రమున దీపస్తంభము కావలెనను వాదనలో ఆర్నిస్టన్ పేరు మాటిమాటికిని వచ్చినది. ఆ దీపము 1849 మార్చి 1వ తేదీన మొదటిమారు వెలిగినది. ఓడ మునిగిన ముప్పదినాలుగేండ్లకు.

ఓడ పగిలిన తీరమున తరువాత జాలరులు ఊరు కట్టుకొనిరి. బండ్లు నిలుపగలిగినంత పెద్ద గుహ సమీపమున నుండుటచే డచ్చివారు ఆ చోటిని 'బండ్లకొట్టపు కొండ' యను అర్థము వచ్చునట్లు వానుయిస్‌క్రాన్స్ అనిరి. ఆ పేరు నేటికిని ఉన్నది. కాని పటములలో దాని ప్రక్కనే మరియొక పేరు కూడ కనిపించును: ఆర్నిస్టన్. 1982లో పరిశోధకులు ఆ నీటిలో మునిగి ఓడ శిథిలములు వెదకి, నాణెములను, ఇతర వస్తువులను పైకి తీసిరి.